అంబారీ ఎక్కిన చింతకాయ తొక్కు

కొలనుపురి అని ఒకానొక రాజ్యం. దాన్ని ఏలే కీర్తిధర మహారాజుకు బిరుదులంటే పంచప్రాణాలు. పొద్దున్నే భట్రాజులు ఆ బిరుదులన్నీ చదివి ముగించేసరికి ఆయన తాగవలసిన పాలు చల్లారిపోయేవి. అయినా ఒక్క బిరుదు తగ్గించమని ఆయన ఎన్నడూ అనలేదు. వాటిలో మరీ ముద్దయినది 'షడ్రసాధీశ్వరుడు', అంటే ఆరు రుచులకూ అధిపతి. నిజానికి ఆయన తినేది తీపి ఒక్కటే. తక్కిన ఐదు రుచులూ ఆయన పళ్ళెం దాకా వచ్చే సాహసం చేసేవి కావు.

ఇచ్చే విషయంలో ఆయన చెయ్యి పెద్దదే. కాకపోతే ఎవరికి ఏమివ్వాలో తానే నిర్ణయించేవాడు. నడి వేసవిలో వచ్చిన పండితుడికి దళసరి పట్టుశాలువా కప్పేవాడు. పళ్ళూడిపోయిన సేనానికి బండెడు చెరకుగడలు పంపేవాడు. పుచ్చుకున్నవాళ్ళు 'మహాప్రసాదం' అని కళ్ళకద్దుకునేవాళ్ళు. మరేమంటారు?

ఆయనకు ఒక్కతే కూతురు, సూరమాంబ. తల్లి లేని పిల్ల. రెండేళ్ళ కిందట ఆమెను సముద్రపు ఒడ్డున ఉన్న వేలాపురి యువరాజుకిచ్చి పెళ్ళి చేశాడు. అక్కడికి పదకొండు రోజుల ప్రయాణం. ఒకనాడు ఆమె వెంట వెళ్ళిన దాది కామక్క, తాటాకు ఉత్తరం పట్టుకుని కొలువుకు వచ్చింది.

'నాన్నగారికి నమస్కారాలు. నాకు నాలుగో నెల. ఇక్కడ అందరూ ఆదరంగా చూస్తున్నారు. అన్నం మాత్రం సయించడం లేదు. మన ఊరి తిండి ఏదైనా పంపగలరా?' అని ఉంది అందులో.

"మహారాజా, అమ్మాయిగారు రాసింది తక్కువ," అంది కామక్క. "రెండు నెలలుగా ఒకటే వేవిళ్ళు. నెయ్యి వాసన తగిలితే చాలు, లేచి పరుగెడతారు. పాయసం పెట్టినా పాలు పోసినా కడుపులో నిలవదు. మనిషి సగమైపోయింది. నెల లోపల తిండి పట్టకపోతే తల్లికీ బిడ్డకీ గండమేనని వైద్యులు చెప్పారు. అందులో పదకొండు రోజులు నా దారికే అయిపోయాయి."

రాజుకు కళ్ళు చెమర్చాయి. అది అబద్ధం కాదు, కూతురంటే ఆయనకు ప్రాణం. కానీ ఆ తడి ఆరకముందే మీసం మీదికి చెయ్యి పోయింది.

"మా కూతురు ఊరి తిండి అడిగింది. మేము రాజ్యం తిండి పంపుతాం! సీమ సీమ నుంచీ పేరుపడ్డ పిండివంటలు నాలుగు రోజుల్లో ఇక్కడికి రావాలి. వాటిలో శ్రేష్ఠమైనదాన్ని మేము స్వయంగా ఎంచి, నూటొక్క కావిళ్ళ సారె పంపుతాం. వేలాపురివాళ్ళు నోరెళ్ళబెట్టాలి!"

ఆ కొలువులో బేతన అని ఒక సన్నపాటి మనిషి ఉండేవాడు. అతని పదవికి పేరు లేదు. రాజుకు తోచనప్పుడు పిలిచేవాడు, కోపం వస్తే వెళ్ళగొట్టేవాడు, మర్నాడు మళ్ళీ పిలిచేవాడు. ఆ బేతన లేచి నిలబడ్డాడు.

"ప్రభూ, చిన్న మనవి. అమ్మాయిగారికి ఏమి తినాలని ఉందో ఈ కామక్కను అడిగితే..."

"రాజకుమార్తెకు రాజు పంపిందే ఇష్టం," అన్నాడు కీర్తిధరుడు. "దాదినడిగి సారె పంపే గతి మాకు పట్టలేదు."

"పైగా సారె అంటే తీపి," అని అందుకున్నాడు వంటశాల పెద్ద నరహరి భట్టు. "కమ్మని నేతిలో ఓలలాడించిన తీపి. అది శాస్త్రం."

నెయ్యి వాసన గురించి కామక్క చెప్పి ఇంకా నిమిషం కూడా కాలేదు. ఆ మాట అక్కడ ఎవరి చెవికీ ఎక్కలేదు.

కొలువు ముగిశాక బేతన కామక్కను వెతుక్కుంటూ వెళ్ళాడు. వంటశాల వెనక అరుగు మీద కూర్చుని ఆమె మజ్జిగ తాగుతోంది.

"ఏం తినాలని ఉందమ్మా ఆ పిల్లకు?"

"నాకేం తెలుసయ్యా," అంది కామక్క తల తిప్పుకుని.

"తెలియనిదానివైతే 'మహారాజుగారే ఎంచాలి' అనేదానివి. తెలుసు గనకే తల తిప్పుకున్నావు."

కామక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "చిన్నప్పుడు అంతఃపురంలో అందరూ భోంచేసి కునుకు తీసే వేళ అమ్మాయిగారు ఏనుగుల సాలకు పారిపోయేదయ్యా. మావటి ముత్తడి పెళ్ళాం పోలమ్మ లేదూ, చద్దన్నంలో చింతకాయ తొక్కు కలిపి ముద్దలు పెట్టేది. తల్లి లేని పిల్ల, ఆ చేతి ముద్దకు మరిగింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ జాడీయే కనపడుతోందంట. మావటి ఇంటి తొక్కు పంపమని మహారాజుకు ఎట్లా రాస్తది? రాస్తే ఆ పోలమ్మ గతేం కాను?"

బేతన మనసులోనే లెక్క వేసుకున్నాడు. ఉన్నమాట చెబితే రాజుకు అవమానమవుతుంది, పోలమ్మకు శిక్ష పడుతుంది, సారెకు మాత్రం తీపే వెళ్తుంది. చెప్పకపోయినా తీపే వెళ్తుంది. నూటొక్క కావిళ్ళు ఆ పిల్ల గడపలో దిగుతాయి, ఆమె మొహం తిప్పుకుంటుంది. పదకొండు రోజులు పోవాలి, మళ్ళీ పదకొండు రోజులు రావాలి. రెండోసారి పంపే వ్యవధి లేదు. ఆ తొక్కు రాజు తన నోటితో తానే పంపమనాలి. అంతకంటే దారి లేదు.

నాలుగో రోజుకు కోట వాకిలి తిరునాళ్ళయింది. ఏటి ఒడ్డు ఊళ్ళవాళ్ళు పూతరేకులు తెచ్చారు. రేవువాళ్ళు తాటి తాండ్ర చుట్టలు చుట్టి తెచ్చారు. పల్లపు సీమ నుంచి అరిసెలు, మంద సీమ నుంచి జున్ను, మెట్ట నుంచి నువ్వుల చిమ్మిలి, ఇంకా ఏవేవో. మా వంట గొప్పదంటే మా వంట గొప్పదని వాకిట్లోనే వాళ్ళు కేకలు వేసుకుంటున్నారు. బేతన రాజు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, ఇంతటి పరీక్ష నాలుగు గోడల మధ్య జరిగితే లోకానికెలా తెలుస్తుంది? తమరు కొండయ్య మీద అంబారీలో రాజవీధులన్నీ తిరగాలి. వీధికొక ఏనుగెత్తు మంచె కట్టిద్దాం. మంచెకొక సీమ వంట. తమరు రుచి చూస్తుంటే ప్రజలు పూలు చల్లుతారు."

కొండయ్య అంటే పట్టపుటేనుగు. రాజు మొహం విప్పారింది. "సొగసైన ఆలోచన!"

"షడ్రసాధీశ్వరుల నాలుక మీద ముందే మరో రుచి ఉండకూడదు కదా. అందుకని పరగడుపున బయల్దేరాలి."

"అలాగే. మరి ఏది గెలిచిందో ప్రజలకెలా తెలుస్తుంది?"

"తమరు దేన్నీ రెండోసారి అడగరు. అది తమ మర్యాద. కనక తమరు నోరు తెరిచి 'ఇంకా కావాలి' అన్న వంటే గెలిచినట్టు."

"భేష్! ఆ కొండయ్య మీది నుంచి మేము రెండోసారి ఏది అడిగితే అది మా ముద్రతో సారెకు వెళ్తుంది. ఇది శాసనం," అన్నాడు రాజు. రాయసగాడు అక్కడే ఆకు మీద గీసేశాడు. ముద్ర పడింది.

ఒక్క సంగతి అక్కడ బేతనకు తప్ప ఎవరికీ గుర్తు రాలేదు. కీర్తిధర మహారాజు ఏడాదికొకసారి, దసరానాడు, కోట వాకిలి నుంచి గుడి దాకా మాత్రమే ఏనుగెక్కేవాడు. అది గట్టిగా నూరడుగులు ఉండదు.

బేతన ఏనుగుల సాలకు వెళ్ళి మావటి ముత్తడితో రెండే మాటలు చెప్పాడు. "రేపు కొండయ్యను తొందరపెట్టకు. నీ చద్దిమూట మర్చిపోకు."

"మూట మర్చిపోతే నేనేం తింటానయ్యా?" అని నవ్వాడు ముత్తడు.

మర్నాడు పొద్దున మేళతాళాలతో ఊరేగింపు కదిలింది. మెడ మీద ముత్తడు, అంబారీలో మహారాజు, వెనక వింజామర పట్టుకుని బేతన. రాయసగాడూ నరహరి భట్టూ పక్కన నడుస్తున్నారు. కొండయ్య నడక ఒక తమాషా. ముందుకాలు వేస్తే అంబారీ ఎడమకు ఒరిగేది, వెనకకాలు వేస్తే కుడికి ఒరిగేది.

మొదటి వీధిలో పూతరేకులు అందించారు. నోట్లో పెట్టగానే కరిగిపోయాయి. రాజు కళ్ళు మూతలు పడ్డాయి. రెండోసారి అడగబోయాడు.

"ప్రభూ," అని చెవిలో అన్నాడు బేతన, "మొదటి వీధిలోనే తీర్పు చెబితే తక్కిన ఆరు వీధులవాళ్ళ మొహాలు ఏమవుతాయి?"

రాజు నోరు మూసుకున్నాడు. రెండో వీధిలో తాటి తాండ్ర బాగుందన్నాడు. మూడో వీధిలో జున్ను సగం తిని వదిలేశాడు. నాలుగో వీధికి ఎండ చుర్రుమంది. అరిసెల నుంచి నెయ్యి కారి ఆయన మోచేతి దాకా వచ్చింది. అంబారీ ఎడమకూ కుడికీ ఊగుతోంది.

"బేతనా, ఈ వీధి ఇంత పొడుగు ఎప్పుడైంది?"

"తమ తాతగారి హయాం నుంచీ ఇంతే ప్రభూ."

ఐదో వీధిలో చిమ్మిలి ఉండ తిన్నట్టు నటించి దిండు కింద దాచాడు. ఆరో వీధిలో పళ్ళెం వంక చూడలేదు. నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు తెల్లబడ్డాయి.

"దిగుదామా ప్రభూ?"

"నడి వీధిలో రాజు దిగుతాడా?" అన్నాడు ఆయన పళ్ళ బిగువున. కింద జనం జేజేలు కొడుతూ పూలు చల్లుతున్నారు. ఆ పూల వాసన కూడా ఆయన భరించలేకపోతున్నాడు.

ఏడో వీధిలో నరహరి భట్టు స్వయంగా మంచె ఎక్కి నిలబడ్డాడు. నేతిలో మునిగిన బొబ్బట్టు, దాని మీద మరో గరిటె నెయ్యి పోసి, పళ్ళెం రాజు ముక్కు కిందికి తెచ్చాడు.

"తీసెయ్!" అని అరిచాడు రాజు. "ఆ నెయ్యి వాసన నా దగ్గరికి రానివ్వకు! తీసుకుపో!"

భట్టు పళ్ళెంతో సహా మంచె మీదే కూలబడ్డాడు.

ఆ వీధి చివర ఏనుగులకు నీళ్ళు పెట్టే రాతి తొట్టి ఉంది. మధ్యాహ్నమైతే కొండయ్య అక్కడ ఆగవలసిందే, రాజు ఉన్నా సరే. అది నీళ్ళు తాగేలోగా మెడ మీద కూర్చునే చద్ది తినడం ముత్తడి అలవాటు. అలవాటు ప్రకారం మూట విప్పాడు. చద్దన్నం, దాని నడుమ ఇంగువ పోపు పెట్టిన చింతకాయ తొక్కు.

గాలి అటు నుంచి ఇటు వీచింది. కళ్ళు మూసుకుని వెనక్కి వాలిపోయిన మహారాజు ముక్కుపుటాలు కదిలాయి. నోట్లో నీళ్ళూరాయి. పొద్దుటి నుంచి ఆయనకు ఏదైనా తినాలనిపించడం పూతరేకుల తర్వాత అదే.

"ముత్తా, ఏమిటది?"

"తమరు తినేది కాదు దొరా. చింతకాయ తొక్కు."

"కాస్త ఇలా ఇవ్వు."

ముత్తడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "తప్పు దొరా. ఊరగాయ చేతికిస్తే పగ పుడతదంటారు. తమరితో నాకు పగెందుకు? ఇదిగో, కొండయ్య తల మీద పెడతాను. తమరు తీసుకోండి."

తొక్కు ఉన్న ఆకు ముక్క ఏనుగు తల మీద పెట్టాడు. ఏం తెలిసిందో ఏమో, కొండయ్య తొండం దించి కదలకుండా నిలబడింది. మహారాజు అంబారీ అంచు పట్టుకుని ముందుకు వంగాడు. కిరీటం జారబోతే బేతన వెనక నుంచి పట్టుకున్నాడు. రాజు వేలితో ఇంత తీసి నాలుక మీద రాసుకున్నాడు.

ఒక్క క్షణం మొహం ముడుచుకుంది. తర్వాత పొడుగాటి ఊపిరి ఒకటి బయటికి వచ్చింది. ఇంకో వేలు నాకాడు. మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. ఆకు తుడుచుకుపోయింది.

"ముత్తా, ఇంకా కావాలి. అన్నంలో కలిపి పెట్టు."

మేళం ఆగిపోయింది. కింద రాయసగాడు గంటం పైకెత్తి అలాగే నిలబడిపోయాడు.

"శాసనం ప్రభూ," అన్నాడు బేతన మెల్లగా.

రాజుకు అప్పుడు అర్థమైంది. మొహం ఎర్రబడింది. "బేతనా! మమ్మల్ని పస్తుంచి, ఎండలో తిప్పి, కడుపులో తిప్పించి... ఇదంతా కావాలనే చేశావా?"

"కావాలనే చేశాను ప్రభూ."

"నీ తల తీయిస్తే?"

"తీయించండి. దానికి ముందు ఒక్క మాట వినండి. తమరు ఒక్క పూట అంబారీ మీద ఉన్నారు. అమ్మాయిగారు రెండు నెలలుగా అంబారీ దిగలేదు. ఇందాక ఆ బొబ్బట్టు తమరికి ఎలా కనిపించిందో, నూటొక్క కావిళ్ళూ ఆమెకు అలాగే కనిపిస్తాయి."

'అన్నం మాత్రం సయించడం లేదు' అని రాసిన అక్షరాలు రాజు కళ్ళ ముందుకు వచ్చాయి. నాలుగు రోజుల నాడు ఆ మాట చదివాడు. అది ఎలా ఉంటుందో ఆయనకు ఈ మధ్యాహ్నమే తెలిసింది. తన నోటి నుంచి వచ్చిన కేక కూడా గుర్తొచ్చింది. అచ్చంగా కామక్క చెప్పిన మాటే అది.

"అమ్మాయికి ఇది సయిస్తుందంటావా?" అని అడిగాడు. ఆ గొంతులో బిరుదులేవీ లేవు.

బేతన ముత్తడి వంక చూశాడు. ముత్తడు చేతులు జోడించాడు. "దొరా, మన్నించండి. అమ్మాయిగారికి ఈ రుచి కొత్త కాదు. చిన్నప్పుడు దినం తప్పితే దినం మా గుడిసెకు వచ్చి, నా ఆడమనిషి చేతి ముద్ద తిని పోయేది."

"ఇన్నేళ్ళుగా మాకెందుకు చెప్పలేదు?"

"తమరు అడగలేదు దొరా."

కొండయ్య మోకాళ్ళ మీద వంగింది. మహారాజు నడి వీధిలో దిగాడు. జనం చూస్తుండగానే ఏనుగుల సాల వెనక ఉన్న గుడిసె దాకా నడిచాడు. పోలమ్మ బిత్తరపోయి గుమ్మంలో నిలబడిపోయింది. రాజు వచ్చిన పని చెప్పాక లోపలికి వెళ్ళి, గుడ్డతో వాసెన కట్టిన రెండు చిన్న జాడీలు తెచ్చింది.

"ఏడాదికొక జాడీ అమ్మాయిగారికని తీసిపెట్టడం అలవాటయ్యా," అంది. "పెళ్ళయి వెళ్ళిపోయిందని తెలుసు. అయినా చెయ్యి మానలేదు. ఈ రెంటిలో ఇది రెండేళ్ళది. వేవిళ్ళకు పాతదే మంచిది."

ఆమె జాడీ చేతికివ్వలేదు, అరుగు మీద పెట్టింది. మహారాజు వంగి, రెండు చేతులతో తీసుకున్నాడు. ఎవరి దగ్గరైనా వంగి ఏదైనా తీసుకోవడం ఆయనకు అదే మొదలు.

భట్టు ఒగర్చుకుంటూ వచ్చాడు. "ప్రభూ! సారెలో పులుపా? శాస్త్రం..."

"భట్టూ, నువ్వొకసారి కొండయ్య మీద ఏడు వీధులూ తిరిగి రా. ఆ తర్వాత శాస్త్రం మాట్లాడుకుందాం," అన్నాడు రాజు.

ఆ సాయంత్రమే సారె బయల్దేరింది. పిండివంటల కావిళ్ళు వేలాపురి వీధుల్లో పంచడానికి, జాడీ కూతురికి. శాసనం ప్రకారం రాజముద్ర జాడీ మూత మీద పడింది. కామక్క దాన్ని మేనాలో తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

తర్వాత రోజులు మహారాజుకు బరువుగా గడిచాయి. ఒకనాటి పొద్దున భట్రాజులు 'షడ్రసాధీశ్వరా' అనగానే చెయ్యెత్తి ఆపాడు. "దాన్ని కొన్నాళ్ళు పక్కన పెట్టండి. తక్కిన ఐదూ ఇప్పుడే మొదలుపెట్టాం," అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన పాలు వేడిగా తాగేవాడు.

ఇరవై ఆరో రోజున ఉత్తరం వచ్చింది. నిండు కొలువులో రాజు దాన్ని తానే చదివాడు.

'నాన్నగారికి నమస్కారాలు. జాడీ మూత తీసిన పూట రెండు ముద్దలు తిన్నాను. నిలిచాయి. మర్నాటి నుంచి మూడు పూటలా తింటున్నాను. గండం గడిచిందని వైద్యులు అన్నారు. మీరు కొండయ్య తల మీద పెట్టుకుని తొక్కు నాకారని కామక్క చెబితే ఎన్నాళ్ళకో నవ్వాను. పోలమ్మకు నా మాటగా చెప్పండి. ఎవరి చేతనో చెప్పించకండి, మీరే వెళ్ళి చెప్పండి.'

మహారాజు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. కొలువంతా నవ్వింది. ఆయన సింహాసనం దిగి, పళ్ళెంలో ఉన్న దళసరి పట్టుశాలువా చేతిలోకి తీసుకుని బేతన దగ్గరికి వచ్చాడు. బయట ఎండ మండిపోతోంది. బేతన మెడ వంచి సిద్ధంగా నిలబడ్డాడు.

శాలువా పైకెత్తిన రాజు చేతులు సగంలో ఆగిపోయాయి. దాన్ని మడిచి పళ్ళెంలో పెట్టేశాడు.

"బేతనా, నీకేం కావాలి?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆ కొలువులో అంతకు ముందు ఎవరూ విని ఉండలేదు. బేతన చేతులు జోడించాడు.

"ప్రభూ, ఆ రోజు నేనూ పరగడుపునే ఉన్నాను. పైగా అంబారీ ఊపు నాకు అలవాటే, కడుపులో తిప్పలేదు, ఆకలే వేసింది. ఏడు పళ్ళేలూ నా ముక్కు ముందు నుంచే వెళ్ళిపోయాయి. ఆ మొదటి వీధి పూతరేకులు ఇప్పటికీ కలలోకి వస్తున్నాయి."

మహారాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. అప్పటికప్పుడు ఏటి ఒడ్డుకు గుర్రం వెళ్ళింది. మర్నాడు బేతనను తన పక్కన పీట వేసి కూర్చోబెట్టి, ఆకు పరిచి, రెండు పూతరేకులు తన చేత్తో వడ్డించాడు. తాను మాత్రం చద్దన్నంలో తొక్కు కలుపుకున్నాడు.

బేతన రెండూ తినేదాకా ఆయన ఓపికగా చూశాడు. తర్వాత పళ్ళెం చేతిలోకి తీసుకుని, "ఇంకా కావాలా?" అని అడిగాడు.